తల్లి క్షేమం

సంచి సర్దడం అప్పటికి మూడోసారి. పొద్దున ఒకసారి సర్దింది. మధ్యాహ్నం అంతా మంచం మీద కుమ్మరించి మళ్ళీ సర్దింది. ఇప్పుడు, సబ్బు పెట్టె అడుక్కి పోయిందని, మళ్ళీ మొదటికొచ్చింది. రెండు నైటీలు, మూడు తువ్వాళ్ళు, ఫ్లాస్కు, కళ్ళజోడు పెట్టె, మూత వదులైన మందు సీసా, ఆ మూత ఊడకుండా ఒక రబ్బరు బ్యాండు, ఎటు తిప్పినా సంచిలో ఇమడని ఎక్స్‌రేల కవరు.

"అక్కా, నేను పోయేది ఆసుపత్రికి. కాపురానికి కాదు," అంది చెల్లెలు, మంచం చివర ఒదిగి కూచుని.

"వేళాకోళాలకేం తక్కువ లేదు. రెండో శాలువా కూడా పెడుతున్నా. అక్కడ గదులు చలి పుట్టిస్తాయట."

"పెట్టు. పెట్టి, కాసేపిలా కూచో. నీకో మాట చెప్పాలి."

"చెబుదువుగానిలే. ముందు నీ చెప్పులెక్కడున్నాయో చెప్పు."

చెల్లెలు మంచం కిందికి వేలు చూపించింది.

అక్కకి డెబ్బై రెండు, చెల్లెలికి అరవై ఆరు. ఇద్దరి భర్తలూ పోయాక, పదకొండేళ్ళుగా ఈ రెండు గదుల ఇంట్లో ఒకరికొకరుగా ఉంటున్నారు. చెల్లెలి కడుపులో గడ్డ ఉందన్నారు. శుక్రవారం ఆపరేషన్. బుధవారమే చేర్చమన్నారు కాబట్టి ఈ సాయంత్రం నాలుగింటికి తమ్ముడు కారు తెస్తాడు. ఆసుపత్రి ఉన్న ఊరు మూడు గంటల దారి. రోగి దగ్గర ఒక్కరినే ఉండనిస్తారు. తమ్ముడి కోడలు అక్కడే నర్సు, ఆ పిల్ల ఉంటుంది. అక్క ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్ళి చూసి రావాలని ఏర్పాటు.

"నీకో మాట చెప్పాలి" అని చెల్లెలు సోమవారం నుంచీ అంటోంది. సోమవారం అక్క బట్టలు ఉతకాలంది. మంగళవారం మందుల చీటీ కనబడటం లేదంది. నిజం చెప్పాలంటే అక్కకి భయం. బయలుదేరేముందు చెప్పిన మాట ఆఖరి మాట అవుతుందని ఆమె భయం. చెప్పనివ్వకపోతే, ఆ మాట చెప్పడానికైనా మనిషి తిరిగి రావాలి గదా అని లోపల ఎక్కడో ఒక పిచ్చి నమ్మకం. ఇలాంటి నమ్మకాలు బైబిలు చదివే మనిషికి ఉండకూడదని ఆమెకి తెలుసు. తెలిసినంత మాత్రాన పోతాయా?

ఈ మాటలు తుంచే అలవాటు ఆమెకి ఈనాటిది కాదు. ఇరవై ఆరేళ్ళు ఆమె తంతి ఆఫీసులో, టెలిగ్రాములు తీసుకునే కిటికీ వెనక కూచుంది. మాటకింత అని రుసుము కాబట్టి, ఏడుస్తూ వచ్చినవాళ్ళ దుఃఖాన్ని అయిదారు మాటల్లోకి కుదించడం ఆమె నేర్చిన విద్య. ఒకాయన కిటికీ ఊచలు పట్టుకుని అరగంట చెప్పుకున్నా, ఆమె కలం చివరికి వచ్చేసరికి అది "నాన్న పోయారు, వెంటనే రా" అయ్యేది. అందులో దయ లేదని అనలేం. ఆ మనిషికి నాలుగు డబ్బులు మిగిలేవి, వెనక నిలబడ్డవాళ్ళకి కాళ్ళనొప్పి తప్పేది. కానీ అసలు సంగతి వేరే. ఉద్యోగంలో చేరిన మొదటి నెల ఆమె అందరి మాటలూ పూర్తిగా విన్నది. ఇంటికొస్తే ముద్ద దిగలేదు, కంటి మీద కునుకు లేదు. రెండో నెల నుంచి చేతిని రాయనిచ్చి చెవిని మూసేసుకుంది.

ఉద్యోగం అయిపోయింది. టెలిగ్రాములే లేకుండా పోయాయి. విద్య మాత్రం పోలేదు. ఆదివారం ఆరాధనకి ముందు చర్చి మెట్ల కింద చిన్న బల్ల వేసుకుని ఆమె ప్రార్థన చీటీలు రాసేది. కష్టం ఉన్నవాళ్ళు వచ్చి చెబుతారు, ఆమె ఒక్క వాక్యంలో రాస్తుంది, పాస్టరుగారు పైన నిలబడి చదువుతారు, సంఘమంతా ఆమేన్ అంటుంది. "మోకాళ్ళ నొప్పి నుండి విడుదల కోసం." "దారి తప్పిన కుమారుని కోసం." "ప్రయాణ క్షేమం కోసం." గంటలో నలభై చీటీలు. అందరూ ఆమెను టెలిగ్రాం పిన్ని అంటారు. "పిన్ని రాస్తే దేవుడికి కూడా చదువుకోవడం తేలిక," అని పాస్టరుగారు ఒకసారి మెచ్చుకుంటే, ఆ మాటను ఆమె నెలరోజులు లోపల దాచుకుని మురిసింది. ఎవరైనా చీటీలో పట్టనంత చెప్పబోతే ఆమె దగ్గర ఒక సామెత సిద్ధం.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందమ్మా. దేవుడికి అన్నీ తెలుసు, నువ్వు చెప్పక్కర్లేదు."

మూడు వారాల కిందట బల్ల ముందుకి ఇస్త్రీ ఆమె వచ్చింది. చర్చి వెనక వీధిలో కొత్తగా దుకాణం పెట్టుకున్న మనిషి. సంఘంలో ఎవరికీ ఇంకా పెద్దగా తెలియదు.

"ఆయన సంచి సర్దింది నేనే పిన్నీ," అని మొదలుపెట్టింది. "పనికని పోతానన్నాడు. ఆ పొద్దున మేమిద్దరం..."

వెనక పదిహేను మంది ఉన్నారు. గంట కొట్టే వేళయింది.

"మీ ఆయనేనా? ఎప్పుడు బయలుదేరాడు?"

"రెండు నెల్లు కావస్తోంది. కానీ పిన్నీ..."

"సరే, రాశాను. దిగులు పడకు. దేవుడు చూసుకుంటాడు."

ఇస్త్రీ ఆమెకి చదువు రాదు. చీటీలో ఏముందో పాస్టరుగారు చదివితేనే తెలిసింది. "ప్రయాణంలో ఉన్న భర్త క్షేమంగా ఇల్లు చేరడం కోసం." సంఘమంతా ఆమేన్ అంది, వెనక బెంచీలవాళ్ళు రెండుసార్లు అన్నారు.

ఆరాధన అయ్యాక ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. కోపం లేదు. అదే అక్కని చంపింది.

"ఆయన పోయి యాభై రోజులైంది పిన్నీ. లారీ బోల్తా పడింది. దూరమని అక్కడే పూడ్చేశారు. నేను వెళ్ళేసరికి పైన మట్టి కూడా ఆరిపోయింది." పైట చెంగు సర్దుకుని, "పోన్లెండి. ఆయన కోసం అంతమంది ఆమేన్ అనడం ఇదే మొదలు. ఇల్లు చేరితే మంచిదే గదా," అంది.

అక్కకి తల కొట్టేసినట్టయింది. ఆ మంగళవారమే వెతుక్కుంటూ ఆమె దుకాణానికి వెళ్ళింది. క్షమించమని అడగడానికి రెండు మాటలు, ఓదార్చడానికి రెండు వచనాలు దారిపొడవునా వల్లించుకుంటూనే వెళ్ళింది. ఒకటే గది. దుప్పటి మడతలు పరిచిన పొడుగాటి బల్ల, గోడవారగా ఏదో హోటలు వాళ్ళ పక్కదుప్పట్ల గుట్ట, మూతకి చిల్లులు పొడిచిన నీళ్ళ సీసా. అక్క నోరు తెరవగానే ఇస్త్రీ ఆమె వేడి పెట్టె పక్కన పెట్టింది.

"ఏం చెప్పకండి పిన్నీ. మీరు చెప్పేవన్నీ చాలామంది చెప్పారు. ఆ దిండు గలేబులు మడత పెట్టండి. చేతులు ఊరికే ఉంటే నోరు ఊరుకోదు."

అక్క మడత పెట్టింది. ఇస్త్రీ ఆమె చెప్పింది.

ఆ పొద్దున ఇద్దరికీ గొడవైంది. దేనికో కూడా గుర్తు లేదు. కోపంతో అతని బట్టలు సంచిలో కుక్కింది. గడపలో నిలబడి అతను, "స్వెట్టరు పెట్టావా?" అని అడిగాడు. స్వెట్టరు తీగ మీద ఆరుతోంది, ఆమె కళ్ళ ఎదురుగానే ఉంది. "పెట్టాను," అంది. అంతే. ఆ రాత్రి దారిలో చలి. వెనక కూచోలేక అతను ముందుకొచ్చి డ్రైవరు పక్కన ఇరుక్కుని కూచున్నాడట. వెనక కూచున్నవాళ్ళందరూ బతికారు.

"నీ తప్పు కాదమ్మా" అన్న మాట అక్క నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని గలేబుతో పాటు మడిచి పక్కన పెట్టింది. ఇస్త్రీ ఆమె అదే సంగతి మళ్ళీ మొదటినుంచి చెప్పింది, ఈసారి స్వెట్టరు రంగుతో సహా. మూడోసారి చెబుతూ ఏడ్చింది. ఏడుపులో పెట్టె ఎత్తడం మరిచిపోయింది.

"అయ్యో, దుప్పటి కాలింది పిన్నీ!" అని, ముక్కు తుడుచుకుంటూనే ఫక్కున నవ్వింది. "ఇంత పొడుగు కథ చెబితే మరి కాలదా?"

పొద్దుగూకేవేళ అక్క లేచింది. ఇస్త్రీ ఆమె గుమ్మందాకా వచ్చింది. "మీరేదో చేశారని కాదు పిన్నీ. చివరిదాకా చెప్పడం మాత్రం ఇదే మొదటిసారి. ఎవరికి చెప్పబోయినా మధ్యలోనే ఓదార్చేస్తున్నారు."

ఇంటికి నడుస్తుంటే అక్కకి సువార్తలో ఒక ఘట్టం గుర్తొచ్చింది. చిన్నప్పటి నుంచి వింటున్నదే. కూతురు చావుబతుకుల్లో ఉందని ఒక తండ్రి వచ్చి బతిమాలితే, యేసు అతనితో బయలుదేరతాడు. దారిలో, పన్నెండేళ్ళుగా రక్తం పోతున్న ఒక ఆడమనిషి వెనకనుంచి ఆయన వస్త్రం ముట్టుకుంటుంది. ఆ ఘట్టం చదివినప్పుడల్లా అక్క మనసు ఆ తండ్రి దగ్గరే ఉండేది. తనలాంటి గాభరా మనిషి. కాలు కాలిన పిల్లిలా ఆ గుంపులో ఎంత తిరిగాడో! ఎందుకు ఆగాడు ఈయన? ముట్టుకున్నప్పుడే ఆమె జబ్బు నయమైపోయింది గదా. అయినా ఆగి, ఎవరు ముట్టుకున్నారని అడిగి, ఆమె వణుకుతూ ముందుకొచ్చి జరిగిందంతా చెప్పేదాకా నిలబడ్డాడు. జబ్బు నయం చేయడం ఒక పని, చెప్పుకోనివ్వడం ఇంకో పని అని ఆయనకి తెలిసినట్టుంది. ఈలోగా అవతల పిల్ల పోయిందని కబురు రానే వచ్చింది. ఆ తర్వాత ఆయన వెళ్ళి ఆ పిల్లను లేపాడన్నది వేరే సంగతి. ఆ నిలబడ్డ కాసేపు అక్కను ఆ రాత్రి పడుకోనివ్వలేదు.

ఆ తర్వాత రెండు ఆదివారాలూ ఆమె చీటీలు సగానికి సగం పడిపోయాయి. బల్ల ముందు వరస కదిలేది కాదు. "ఏం పిన్నీ, టెలిగ్రాం ఆఫీసు మూసేశారా?" అని పాస్టరుగారు నవ్వారు. "ఉత్తరాల ఆఫీసు తెరిచానండీ," అంది ఆమె.

బయటివాళ్ళ దగ్గర అదంతా బాగానే ఉంది. ఇంట్లో మాత్రం ఆమె ఇంకా పాత కిటికీ వెనకే కూచుని ఉంది.

బుధవారం మూడున్నర అయింది. అక్క సంచి జిప్పు లాగుతోంది.

"అక్కా, నాకు మత్తిచ్చి నిద్రపుచ్చుతారట గదా?"

"అవును. నొప్పి అసలు తెలియదట. భయపడకు."

"నొప్పికి భయం లేదే. నిద్రకే."

అక్క చెయ్యి జిప్పు మీద ఆగిపోయింది. ఏ సంగతి వస్తోందో ఆమెకి తెలిసిపోయింది. నలభై ఒక్క ఏళ్ళుగా ఆ సంగతి ఇద్దరి మధ్యా పడుకుని ఉంది, ఇద్దరూ దాన్ని లేపకుండా చుట్టూ తిరుగుతున్నారు. సామెత నోటిదాకా వచ్చింది. లేవబోయింది. కుర్చీ వెన్ను మీద చెల్లెలి స్వెట్టరు వేలాడుతోంది. అదొక్కటీ సంచిలో పెట్టలేదు.

స్వెట్టరు తీసుకుని, చెల్లెలి పక్కన మంచం మీద కూచుంది. ఒళ్ళో పరిచి మడతపెట్టడం మొదలుపెట్టింది.

"చెప్పవే," అంది.

చెల్లెలు మంచం అంచు పట్టుకుంది. ఇన్నేళ్ళు నెట్టిన తలుపు ఒక్కసారిగా తెరుచుకుంటే మనిషి తూలుతుంది గదా.

"పాప పోయినప్పుడు ఆయన దూరంగా పనిలో ఉన్నాడు. నువ్వే ఆయనకి టెలిగ్రాం ఇచ్చావు. 'పాప పోయింది. తల్లి క్షేమం. రా.' ఆ నకలు కాయితం నా తలగడ కింద పెట్టావు. నాకింకా గుర్తే. తల్లి క్షేమం అని రాశావక్కా. తల్లిని అడగలేదు."

అక్క వేళ్ళు స్వెట్టరు గుండీ దగ్గర ఆగి, మళ్ళీ కదిలాయి.

"తొమ్మిది రోజుల పిల్ల. అంతకుముందు రెండు రాత్రులు నేను కన్ను మూయలేదు, ఏడుస్తూనే ఉండేది. ఆ రాత్రి పక్కకి తిరిగి పడుకుని పాలిస్తున్నా. నిద్రపట్టేసింది. మెలకువొచ్చేసరికి తెల్లారింది. నా చెయ్యి దాని మీద ఉంది. అది చల్లగా..."

వీధిలో కారు హారన్ మోగింది. ఒకసారి, రెండుసార్లు.

"పెద్దక్కా! చిన్నక్కా! తెమిలారా లేదా? చీకటి పడితే నాకు దారి కనబడదు, చిన్నక్కతో పాటు నేనూ అదే వార్డులో చేరాల్సి వస్తుంది!"

మామూలుగా అయితే అక్క ఆ కేకకి సగం దూరం పరిగెత్తి ఉండేది. బండికి గంట ముందే స్టేషనుకి చేరి కూచునే మనిషి ఆమె. లేచి కిటికీ రెక్క తీసింది.

"ఆగరా కాస్త."

"కాస్తంటే ఎంతసేపు?"

"తెలీదు. కారు ఆపేసి కూచో."

కిటికీ వేసి వచ్చి మళ్ళీ పక్కన కూచుంది. "చల్లగా ఉంది అన్నావు," అంది.

"నేను చంపుకున్నానో, దానంతటదే పోయిందో నాకు తెలియదక్కా. ఎవరినడిగినా, దేవుడి చిత్తం, ఊరుకో అన్నారు. అమ్మ ఊరుకో అంది. ఆయన ఊరుకో అన్నాడు. నువ్వు... నువ్వు ఆ మాట కూడా అనలేదు, లేచి వంటింట్లోకి పోయేదానివి. అప్పట్నుంచి నేను పక్కకి తిరిగి పడుకోను. చేతులు నడుం కింద పెట్టుకుని పడుకుంటా. మత్తిచ్చాక నా చేతులెక్కడుంటాయో నాకు తెలియదు గదా. అదే నా భయం. నవ్వకు."

అక్క నవ్వలేదు. పదకొండేళ్ళుగా ఒకే గదిలో పడుకుంటూ ఆమె చూస్తూనే ఉంది. చెల్లెలు వెల్లకిలా, చేతులు నడుం కింద నొక్కుకుని, కదలకుండా పడుకోవడం. "శవంలా ఆ పడకేంటే, చూడ్డానికే భయంగా ఉంది" అని ఎన్నిసార్లు ఎగతాళి చేసిందో! ఒక్కసారైనా ఎందుకని అడగలేదు.

నీ తప్పు లేదు. ఇక మరిచిపో. అయిదు మాటలు. ఏ కిటికీ దగ్గరైనా చెల్లిపోయే టెలిగ్రాం. అక్క దాన్ని గొంతులోనే ఆపింది. ఆపడం ఇంత బరువని ఆమె ఎరగదు.

"ఎలా ఉండేదే?" అంది. "నేను సరిగ్గా చూడనేలేదు. ఆ వారమంతా ఆఫీసులోనే ఉన్నాను."

చెల్లెలు ముఖం ఎత్తింది. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఎడమ చెవి పైన చిన్న మడత ఉండేదంది, కాయితం మూల మడిచినట్టు. గోళ్ళు పొడుగ్గా ఉండేవట, ముఖం గీరుకుంటుందని తన పళ్ళతోనే కొరికి తీసిందట. ఆవులిస్తే ఒళ్ళంతా ఆవులించేదట. బారసాల లేకపోయినా లోపల్లోపల ఒక పేరు పెట్టుకుందట. ఆ పేరు అక్క చెవిలో చెప్పింది. గదిలో ఇద్దరే ఉన్నా చెవిలోనే చెప్పింది. అక్క దాన్ని ఒకసారి పైకి అంది, చెల్లెలు ఔనన్నట్టు తలూపింది. అప్పుడు ఇద్దరూ ఏడ్చారు. ఎంతసేపో తెలియదు. తమ్ముడు మళ్ళీ హారన్ కొట్టలేదు. కిటికీ సందులోంచి ఏం విన్నాడో ఏమో, అడిగితే చెప్పే మనిషి కాదు.

"ఏమీ అనవేంటే?" అంది చెల్లెలు చివరికి, కళ్ళు తుడుచుకుంటూ.

"నువ్వు చెప్పడం అయిందా?"

"అయింది."

"అయితే చేతులిలా ఇయ్యి."

రెండు చేతులూ తీసుకుని తన ఒళ్ళో, స్వెట్టరు మీద పెట్టుకుని పట్టుకుంది. ముడతలు పడ్డ చేతులు. ఆ చేతులు చెడ్డవనీ అనలేదు, మంచివనీ అనలేదు. చెల్లెలు అలాగే పక్కకి ఒరిగి, అక్క భుజం మీద తల పెట్టి, రెండు నిమిషాలు కునుకు తీసింది. పక్కకి ఒరిగి.

కారెక్కేటప్పటికి అయిదు దాటింది. "మీ మాటలు తెమిలేసరికి నాకు గడ్డం పెరిగింది," అన్నాడు తమ్ముడు, వాళ్ళ ముఖాల వైపు చూడకుండా సంచి వెనక పెడుతూ. అక్క కారు కిటికీలోంచి స్వెట్టరు అందించింది. "తొడుక్కో, ఒళ్ళో పెట్టుకోవడం కాదు." చెల్లెలు అప్పటికప్పుడే తొడుక్కుంది. గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుంటే, అక్క చెయ్యి లోపలికి పెట్టి సరిచేసింది.

"కోడలికి చెప్పు," అంది అక్క. "మత్తిచ్చేటప్పుడు నీ చేతులు పట్టుకోమని. ఎందుకని అడిగితే, అడగనీ."

"అడిగితే చెబుతా," అంది చెల్లెలు. "వెళ్ళొస్తానక్కా."

పై వారం ఆదివారం చర్చి మెట్ల కింద బల్ల వేయలేదు. ఎదురెదురుగా రెండు కుర్చీలు వేశారు. అక్క వచ్చి తన కుర్చీలో కూచుంది గానీ, ఎవరూ ఆమెకి కష్టం చెప్పడానికి సాహసించలేదు. ఒకరిద్దరు దగ్గరికి వచ్చి, దేవుడి చిత్తమన్నారు, ధైర్యంగా ఉండమన్నారు. ఆమె తలూపింది. ఇస్త్రీ ఆమె వచ్చి ఎదురు కుర్చీలో కూచుంది. ఒళ్ళో ఒక చేతిసంచీ, అందులో మడత పెట్టాల్సిన గలేబులు. సగం తీసి అక్క చేతిలో పెట్టింది.

"సంచి సర్దిన దగ్గర్నించి చెప్పండి పిన్నీ," అంది.

పైన గంట కొట్టారు. ఇద్దరూ లేవలేదు. అక్క సబ్బు పెట్టె దగ్గర మొదలుపెట్టింది.

చెల్లెలు తిరిగి రాలేదు. ఆ శుక్రవారం, పగలు పదకొండు ముప్పావుకి, మత్తులోంచి లేవకుండానే పోయింది.